ఎంకపల్లి, చేవెళ్ల దారిలో డిజిటల్ వ్యాపారం

ఎంకపల్లి రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని గ్రామం. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ పోయే రహదారికి చేరువలో ఉంది. ఈ మండలానికి ఇరుగుపొరుగున హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలు, వాటి దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ ఆలయం. నగరానికి కూరగాయలు, పూలు, పాలు పంపి బతికిన ఊళ్లివి. గత పాతికేళ్లలో కంప్యూటరు, సెల్‌ఫోను, ఇంటర్నెట్ కలిసి ఇక్కడి కొనుగోళ్లనూ అమ్మకాలనూ మార్చేశాయి. కాలేజీ సీటులో, కిరాణా బేరంలో, భూమి లావాదేవీలో, గుడికి వచ్చే జనంలో, పంట అమ్మకంలో ఆ మార్పు వేరువేరుగా కనిపిస్తుంది. అయితే అన్నిచోట్లా జరిగింది ఒకటే: కొనేవాడు మనసులో నిర్ణయం తీసుకునే చోటు మారింది. అమ్మేవాడి ఎదుట నిలబడి, చూసి, అడిగి, బేరమాడి తేల్చుకునే సంగతి ఇప్పుడు ఇంటి దగ్గరే ఫోన్‌లో సగం తేలిపోతోంది. ఆ ఫోన్‌లో కనబడినవాళ్లు బాగుపడ్డారు. పంట పండించేవాడు అందులో కనబడేది తక్కువ.

తొలి రోజులు

ఉమ్మడి రాష్ట్రంలో మామూలు జనం పని కంప్యూటరుతో ముడిపడిన తొలి చోట్లలో రిజిస్ట్రేషన్ ఆఫీసులు ఒకటి. 1998 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ‘కార్డ్’ అనే విధానం ప్రవేశపెట్టింది. అంతకుముందు దస్తావేజులను పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. భూమి మీద తాకట్టులు, అమ్మకాల వివరం చూపే ఈసీ పత్రం కావాలంటే పాత సంపుటాలు తిరగేయాలి, రోజులు గడిచిపోయేవి. ఒక భూమి తాకట్టులో ఉందా, అంతకుముందే ఇంకొకరికి అమ్మేశారా అన్నది తెలియాలంటే కొనేవాడికి మధ్యవర్తి మాటే ఆధారం. ఆ కాగితం త్వరగా చేతికి రావడం మొదలయ్యాక బయానా ఇచ్చే ముందు ఈసీ తీసి చూసుకోవడం అలవాటైంది. 2001లో జంటనగరాల్లో ఈ-సేవ, 2011 నవంబరులో మీ-సేవ వచ్చాయి. ఈ-సేవ ప్రధానంగా నగరం వాళ్ల బిల్లుల సంగతి. పల్లెకు దగ్గరగా వచ్చింది మీ-సేవ. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, పహాణీ నకళ్లు కంప్యూటరు సెంటరులో దొరకడం మొదలైంది.

కాలేజీ సీటు

ఎంకపల్లి పేరు బయటి జనానికి తెలిసింది కాలేజీల వల్ల. 1998లో ఇక్కడ జె.బి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంజనీరింగ్ అండ్ టెక్నాలజీ ఏర్పడింది. తర్వాత జోగినపల్లి బి.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ, భాస్కర్ మెడికల్ కాలేజీ వచ్చాయి. 2008లో ప్రభుత్వం పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలుపెట్టాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టుకొచ్చి, ఒక దశలో వాటి సంఖ్య 700 దాటింది. సీట్లు ఎక్కువ, పిల్లలు తక్కువ అయిన ఆ కాలంలోనే ఎంసెట్ కౌన్సెలింగ్ వెబ్‌కు మారింది.

అంతకుముందు ర్యాంకు వరుసలో పిలుపు వస్తే తండ్రీకొడుకులు కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లి, గంటల తరబడి కూర్చుని, తమ వంతు వచ్చేసరికి ఏ సీటు మిగిలి ఉంటే దాంట్లో ఏదో ఒకటి అక్కడికక్కడే ఖాయం చేసుకునేవారు. వెబ్ ఆప్షన్లు వచ్చాక ఆ పని ఇంట్లోనో ఇంటర్నెట్ సెంటరులోనో జరుగుతోంది. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ జతచేస్తూ పదుల సంఖ్యలో ఆప్షన్లు పెట్టుకోవచ్చు. గడువులోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరికి ఫ్రీజ్ చేయాలి. ముందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి చివరి ర్యాంకు ఎంత అన్న జాబితా అందరికీ దొరుకుతుంది. దాంతో తల్లిదండ్రుల ప్రశ్న మారింది. ‘అది మంచి కాలేజీయేనా’ అని ఊళ్లో చదువుకున్నవాణ్ని అడిగే బదులు ‘మా ర్యాంకుకు అక్కడ సీఎస్ఈ వస్తుందా’ అని యూట్యూబ్‌లో వెతుకుతున్నారు.

వ్యాపారంగా చూస్తే దీని ఫలితం కఠినంగానే ఉంది. ఆప్షన్ల జాబితాలో పైన లేని బ్రాంచికి సీట్లు ఖాళీ, ఖాళీ సీటుకు ఫీజు లేదు. కొన్నేళ్లు అలా గడిస్తే ఆ బ్రాంచిని యాజమాన్యమే తగ్గించుకుంటుంది. రాష్ట్రమంతటా సివిల్, మెకానికల్ సీట్లు తగ్గుతూ కంప్యూటర్ సైన్సు సీట్లు పెరిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. 2020–21లో కృత్రిమ మేధ, డేటా సైన్సు పేర్లతో కొత్త కోర్సులు వచ్చాయి. విద్యార్థికి ఎంపిక పెరిగిన మాట నిజం. కానీ చివరి ర్యాంకు అనే ఒక్క అంకె కాలేజీ నాణ్యతకు మారుపేరైపోయింది. ల్యాబు ఎలా ఉంది, పాఠం చెప్పే అధ్యాపకుడు ఎన్నాళ్లు ఉంటాడు అన్నవి ఆ పట్టికలో ఉండవు. పిల్లల నాలుగేళ్ల చదువు వాటిమీదే నడుస్తుంది కాబట్టి ఈ లోపాన్ని చిన్నదిగా చూడకూడదు.

ఫోన్‌పే కొట్టడం

2016 ఏప్రిల్‌లో యూపీఐని రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ఆవిష్కరించారు. అదే ఏడు సెప్టెంబరు 5న జియో మొదలై నెట్‌ను మొదట్లో ఉచితంగా, తర్వాత చౌకగా ఇచ్చింది. నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. ఈ మూడూ ఒకే ఏడాదిలో కుదరడం వల్లే వాడకం అంత తొందరగా పుంజుకుంది. సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్‌ను ఆ డిసెంబరులోనే నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. అది ప్రభుత్వం పూనుకుని చేయించిన పని. కాలేజీలున్న ఊళ్లలో ఎవరూ ప్రకటించకుండానే మార్పు వచ్చింది, తెచ్చింది విద్యార్థులు. జేబులో నోటు లేని పిల్లవాడు స్కానర్ ఉన్న టీ కొట్టుకే వెళ్తాడు. పక్క కొట్టువాడు రెండు వారాలు చూసి తానూ క్యూఆర్ కోడ్ అతికించుకుంటాడు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి కట్టాల్సిన రుసుము ఎత్తేయడంతో వెనకాడేవాళ్లకూ కారణం లేకుండా పోయింది.

కాలేజీ బస్సులు వచ్చే వేళ టీ కొట్టు ముందు నిలబడితే విషయం తెలుస్తుంది. ఒకడు పది రూపాయలు కొట్టి ‘అన్నా, పడ్డయా?’ అంటాడు. చేతులు ఖాళీ లేని కొట్టాయన తలెత్తడు. గల్లాపెట్టె పక్కన ఉన్న చిన్న స్పీకరు డబ్బు వచ్చిందని తెలుగులో చెబుతుంది. 2024లో ఫోన్‌పే ఆ స్పీకర్లలో మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టింది. ఈ స్పీకరు రాకముందు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లతో కొట్లవాళ్లు చాలా నష్టపోయారు. చదవడం రానివాళ్లకూ, చూపు ఆననివాళ్లకూ లెక్క చెవికి చేర్చిన పరికరం ఇది.

కొనేవాడి అలవాటూ మారింది. చిల్లర లేదని రెండు చాక్లెట్లు చేతిలో పెట్టే రోజులు పోయాయి. సరిగ్గా పదమూడు రూపాయలకు సరుకు ఇవ్వవచ్చు, తీసుకోవచ్చు. నోటు తీయడానికి తటపటాయించే మనిషి ఫోన్‌లో పదీ ఇరవై సులువుగా కొడతాడు, నెలాఖరుకు అవి వేలవుతాయి. కిరాణా కొట్టులో ఉద్దెర పుస్తకం ఇంకా బతికే ఉంది. జీతం పడినరోజు ఆ బాకీ కూడా ఫోన్‌లోనే తీరుతోంది.

కొట్టు నడిపేవాళ్లకు రెండు కొత్త సంగతులు ఎదురయ్యాయి. రోజూ ఎంత వ్యాపారం జరుగుతోందో తెలిసిన యాప్‌లు దాన్ని చూసి అప్పు ఇస్తామంటున్నాయి, రోజువారీ కిస్తీగా వసూలు చేసుకుంటున్నాయి. బ్యాంకు గడప తొక్కని చిరువ్యాపారికి ఇది అక్కరకొచ్చే మాటే, గిరాకీ పడిపోయిన రోజు మాత్రం బరువు. రెండోది పన్ను భయం. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపితే, బెంగళూరులో ఎన్నో కొట్లు క్యూఆర్ కోడ్‌లు పీకేసి నగదు మాత్రమే తీసుకుంటామని బోర్డులు పెట్టాయి. అదే ఏడాది ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. జేబులో నోటు ఉంచుకోవడం మానేసిన ఊళ్లకు అది గట్టి దెబ్బే.

గుంటల లెక్క

1996 మార్చి 8న వచ్చిన 111 జీవో జంట జలాశయాల పరివాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు దాని కిందికి వస్తాయి. నగరం ఇంత దగ్గర పెట్టుకుని అపార్టుమెంట్లు లేవకపోవడానికి కారణం అదే. భూమి మాత్రం చేతులు మారుతూనే ఉంది. 2022లో ఈ జీవోను సడలిస్తూ ఉత్తర్వు రాగానే బేరాలు మరింత వేడెక్కాయి.

తెలంగాణ ప్రభుత్వం 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టి, 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభించింది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళితే రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకేసారి అయిపోయేవి. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో ఇంట్లో కూర్చుని చూసే వీలు కలిగింది. అమెరికాలో ఉన్న తెలుగువాడు యూట్యూబ్‌లో డ్రోన్ వీడియో చూసి, ధరణిలో సర్వే నంబరు కొట్టి, ఊళ్లో అడుగుపెట్టకుండానే బయానా పంపే కాలం వచ్చింది. ఫామ్ ల్యాండ్ అని చెప్పి పొలాన్ని గుంటల లెక్కన విడదీసి అమ్మే వ్యాపారం ఈ వెసులుబాటు మీదే పెరిగింది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటును రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయించాలని చట్టం చెబుతుంది. వ్యవసాయ భూమి పేరుతో అమ్మే ముక్కలు చాలావరకు ఆ పరిధికి బయటే మిగిలిపోతాయి. వీడియోలో పచ్చగా కనిపించే చోటుకు నిజంగా దారి ఉందో లేదో పోర్టల్ చెప్పదు.

ధరణి వల్ల పని త్వరగా అయినవాళ్లు ఉన్నారు, నలిగిపోయినవాళ్లూ ఉన్నారు. పొరపాటున సర్వే నంబరు నిషేధిత జాబితాలోకి ఎక్కిన రైతు తన సొంత భూమిని అమ్ముకోలేకపోయాడు. దిద్దించుకోవడానికి కలెక్టరుకు దరఖాస్తు పెట్టి తిరగాల్సి వచ్చింది. కింది స్థాయిలో ఎదురుగా కూర్చుని తప్పు దిద్దగల అధికారి లేకపోవడమే ఆ వ్యవస్థలోని అసలు లోపం. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అందులో అప్పీలుకు అంచెలు పెట్టారు.

చిలుకూరు, 2024 ఏప్రిల్ 19

సామాజిక మాధ్యమాల కబురు ఒక ప్రాంతాన్ని ఒక్కరోజులో ఏం చేయగలదో ఈ దారి కళ్లారా చూసింది. చిలుకూరు ఆలయానికి హుండీ లేదు. అమెరికా వీసా కోసం మొక్కుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల వల్ల దానికి వీసా బాలాజీ అన్న పేరు వచ్చింది. 2024 బ్రహ్మోత్సవాల్లో, ఆ శుక్రవారం, సంతానం లేని దంపతులకు గరుడ ప్రసాదం పంచుతారన్న మాట వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పాకింది. ఆలయం వాళ్లు అనుకున్నదానికి ఎన్నో రెట్ల జనం తెల్లవారేసరికే బయల్దేరారు. కిలోమీటర్ల మేర కార్లు నిలిచిపోయాయి. వేరే పనుల మీద ఆ దారిన వెళ్లేవాళ్లూ మధ్యలో చిక్కుకున్నారు. ఇక రావద్దని పోలీసులు విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆలయం ఆ ప్రసాద వితరణను ఆపేసింది.

పూలు, కూరగాయలు

చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్ మండలాలు కూరగాయలకూ పూలకూ పేరుపొందాయి. చేవెళ్ల వైపు క్యారెట్, టమాట పండుతాయి. బంతి, చామంతి, గులాబీతోపాటు పాలీహౌసుల్లో జెర్బెరా వేస్తారు. పూలు చాలావరకు చేరేది మెహిదీపట్నం దగ్గరి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు.

2006లో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచింది. సూపర్‌మార్కెట్లు, ఆ తర్వాత ఆన్‌లైన్ కూరగాయల కంపెనీలు నగరం చుట్టుపక్కల సేకరణ కేంద్రాలు పెట్టాయి. ఈ కేంద్రాల్లో తూకం ఎలక్ట్రానిక్ కాటా మీద, చెల్లింపు బ్యాంకు ఖాతాలో. అంతవరకు రైతుకు మేలే. కానీ కంపెనీ కొనేది గ్రేడు కుదిరిన సరుకునే, అదీ ఆ రోజు యాప్‌లో ఎన్ని ఆర్డర్లు ఉంటే అంత. వంకరపోయిన క్యారెట్, చిన్న టమాట మళ్లీ మార్కెట్ యార్డుకే పోవాలి. అక్కడ మంచి సరుకు ముందే వెళ్లిపోయిన రాశికి ధర ఇంకా తగ్గుతుంది.

2016 ఏప్రిల్ 14న కేంద్రం తెచ్చిన జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో తెలంగాణ మార్కెట్లు మొదటి విడతలోనే చేరాయి. నిజామాబాద్ పసుపు దానికి బాగా ఒదిగింది. పసుపు ఎండిన సరుకు, నాణ్యత కొలవవచ్చు, బస్తా నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, ఎక్కడో ఉన్న వ్యాపారి కంప్యూటరులో ధర కోట్ చేయవచ్చు. చామంతి అలా కాదు, కోసిన కొద్దిరోజులకే వాడిపోతుంది. దానికి వేలంపాట గుడిమల్కాపూర్ అడ్తి దగ్గర గంపను చూసి, చేత్తో తాకి పాడే పాటే. రైతుకు వాట్సాప్‌లో నిన్నటి ధర వస్తుంది, ఈ రోజు ధర మాత్రం బండ్లు ఎన్ని వచ్చాయో చూశాకే తేలుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి పెళ్లిళ్లు, గుళ్లు ఆగిపోయినప్పుడు ఏ యాప్ కూడా ఈ పూలను కొనలేదు. రైతులు వాటిని తోటల్లోనే పారబోశారు.

పాలీహౌసు రైతుల్లో కొందరు ఇప్పుడు పెళ్లి డెకరేషన్ చేసేవాళ్లతో నేరుగా మాట్లాడుకుంటున్నారు. ముహూర్తాల తేదీలు ముందే చూసుకుని, పూల ఫొటోలు పంపి, సగం సొమ్ము ఫోన్‌లో అడ్వాన్సుగా వేయించుకుని కోత మొదలుపెడతారు. అడ్తి దగ్గర అప్పు తీసుకుని విత్తనమో నారో కొన్న రైతుకు ఆ వీలు లేదు. అతని పంట ఎక్కడికి పోవాలో అప్పు తీసుకున్ననాడే ఖాయమైపోతుంది.