మాటయే పనిముట్టు: మనోవైద్య బోధన కథ

అనకాపల్లి ప్రాంతమున ఒక చెఱకు రైతు గుండెదడ, నిద్రలేమి అని వైద్యుని యొద్దకు వచ్చినాడనుకొందము. నాడి చూచినను, రక్తము పరీక్షించినను దోషము కానరాదు. అప్పుల బెంగతో బ్రతుకు మీద విసుగు పుట్టినదన్న మాట అతని నోట రావలెనన్న, అడుగవలసిన తీరు వైద్యునికి తెలియవలెను. శస్త్రము పట్టుట నేర్పినట్లు, ఈ అడుగుటను నేర్పుట ఎట్లు?

పూర్వము రోగిని చూపుటయే బోధన. 1880 దశకములో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో శార్కో పండితుడు నిండు సభలో రోగులను నిలిపి ఉపన్యసించెడివాడు. చూచినవారు పెక్కుమంది, రోగితో మాటాడినవాడు ఆయన ఒక్కడే.

మన దేశములో 1858 నాటి చట్టము ఉన్మాద శరణాలయములను గూర్చినది. అనకాపల్లికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, విశాఖపట్నములో 1923లో వైద్య కళాశాల వెలసినది. నేడు ఆంధ్ర వైద్య కళాశాల యనబడునది అదియే. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల దాని బోధనాసుపత్రులలో ఒకటి. దేశమంతటను మానసిక రోగులకున్న పడకలు సుమారు 10,000 మాత్రమేనని 1946లో భోర్ సంఘము తన నివేదికలో చూపినది. ఆ సంఘపు సిఫారసుపై 1954లో బెంగుళూరున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడినది. నిపుణులు తయారగుటకు దారి దొరికినది. కాని రోగి మొదట పోవునది సామాన్య వైద్యుని యొద్దకే గదా!

అట్టి వైద్యుల కొఱకే 1950 దశకములో లండన్‌లో మైకేల్ బాలింట్ క్రొత్త పద్ధతి నడపెను. కొద్దిమంది వైద్యులు వలయముగా కూర్చుందురు. తనకు చిక్కు కలిగించిన రోగిని గూర్చి ఒకరు చెప్పగా తక్కినవారు చర్చింతురు. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్, రోగిగా నటించుటకు ఒకరికి శిక్షణ యిచ్చి విద్యార్థుల ఎదుట కూర్చుండబెట్టెను. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయము చిన్న బృందములనే వైద్యవిద్యకు పునాది చేసినది. భారతదేశములో 2019 నాటి పాఠ్యప్రణాళిక మనోవైద్యమునకు 40 గంటలు కేటాయించినది: ఉపన్యాసములకు 25, బృంద చర్చల వంటి వానికి 10, స్వయంకృషికి 5.

ఆ 10 గంటలలో జరుగదగిన పని యేమి? ఒక విద్యార్థి రైతు, ఒక విద్యార్థిని వైద్యురాలు, తక్కినవారు గమనింతురు. “చనిపోవలెననిపించుచున్నదా?” అన్న ప్రశ్న యొద్ద ఆమె తడబడును. లేని తలంపును తానే పుట్టింతునేమోనని భయము. అడిగినంత మాత్రమున అట్టి తలంపు పుట్టదని పరిశోధనలు తెలుపుచున్నవి. ఈ సంగతి ఉపన్యాసములోను వినవచ్చును. కాని తడబాటు తీరునది నోరు తెరచి అడిగినప్పుడే. తోటివారి నడుమ తడబడుట వలన ఎవరికిని నష్టము లేదు. రైతు ఎదుట తడబడి ఆ ప్రశ్నను మ్రింగివేసిన, నష్టము ఒక ప్రాణమే కావచ్చును.