వెట్టి నుంచి శాలువా దాకా: మన పనికీ, ఆటపాటకూ దక్కిన లెక్క

ఏటా ఆగస్టు 9 దగ్గర పడుతుందంటే మా హాస్టళ్లలో పది రోజుల ముందు నుంచే సందడి మొదలవుతుంది. ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 1994లో ఆ తేదీని ప్రకటించింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పనిచేసే మాలాంటి వార్డెన్లకు ఆ తేదీ అంటే రిహార్సళ్లు, కిరాయి డ్రెస్సులు, స్వాగత నృత్యం. కొన్నేళ్ల కింద అలాంటి ఒక కార్యక్రమంలో మా పిల్లలు పొద్దున ఎనిమిదింటికే ముస్తాబై ఎండలో నిలబడ్డారు. ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చి, మూడు నిమిషాలు ఆట చూసి, ఫొటో దిగి వెళ్లిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "మేడం, మా అమ్మ పత్తి ఏరితే కిలోకింతని ఇస్తరు. మేము పొద్దంతా నిలబడి ఆడితే ఏమిచ్చిండ్రు?"

బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాం కదా అన్నాం. ఆ జవాబు మాకే నచ్చలేదు. ఆ పిల్ల అడిగింది కొత్త ప్రశ్న కాదు. ఈ గడ్డ మీద మన తాతముత్తాతలు దాన్ని చాలాసార్లు అడిగారు, కొందరు అడిగినందుకే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ చరిత్రను ఒకసారి తిరగేసి చూద్దామనే ఈ నాలుగు మాటలు.

బిడారు ఆగిపోయిన చోట

లంబాడీలు ఒకప్పుడు ఎవరి దగ్గరా కూలికి పోయినవాళ్లు కాదు. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన వర్తకులు. ఎద్దుల మీది గోనెలకు, ఆడవాళ్ల రవికెలకు, గాగ్రాలకు అద్దాలు, గవ్వలు కుట్టడం వారికి బతుకులో భాగం. అది అమ్ముకోవడానికి చేసిన పని కాదు.

నిజాం రైల్వే 1874లో సికింద్రాబాద్‌ను వాడితో కలిపింది. 1889 నాటికి ఆ లైను బెజవాడ దాకా వచ్చింది. మన జనగామ, మహబూబాబాద్ స్టేషన్లు ఆ లైను మీదివే. ఎద్దులు వారాల తరబడి మోసే సరుకును గూడ్సు బండి ఒక్కరోజులో దింపేసింది. రైలు వచ్చిందని ఊళ్లు సంబరపడ్డాయి. బిడారు మాత్రం ఆగిపోయింది. తండాలు అడవి అంచున కుదురుకుని, చెట్టూ పుట్టా కొట్టి చెలకలు చేసుకున్నాయి. చెలక పంటకు వచ్చేసరికి అది తన భూమే అన్నాడు దొర.

వెట్టిని కాదన్నవాళ్లు

ఆ రోజుల్లో పని ఉంది, పనికి కూలి లేదు. దొర గడీలో చాకిరీ, అధికారి మూటలు మోయడం, పండగకు మేక, పెళ్లికి నెయ్యి, అన్నీ ఉత్తపుణ్యానికే. కాదంటే దెబ్బలు. దీనికే వెట్టి అని పేరు. ఏజెన్సీలో కోయ గూడేలకు ఇదే తిప్పలు అటవీ, రెవెన్యూ సిబ్బంది రూపంలో వచ్చింది. అటు గూడెం కొండల్లో రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకపోవడం 1922 మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. అల్లూరి పోరాటమనగానే మనకు బాణాలు, తుపాకులు గుర్తొస్తాయి. దాని మొదట్లో ఉన్నది ఒక కూలి లెక్క అని పిల్లలకు చెప్పాలి.

జనగామ ప్రాంతం ఈ విషయంలో దేశానికే పాఠం చెప్పింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కానివ్వలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ఒరిగిపోయారు. ధర్మాపురం తండాలో లంబాడీలు తాము దున్నుకుంటున్న భూమి కోసం నిలబడ్డారు. ఆ పోరులో జాటోతు ఠానూ నాయక్ ప్రాణమిచ్చారు. కడవెండి, ఐలమ్మ పేర్లు పాఠ్యపుస్తకాల దాకా వచ్చాయి. ఠానూ నాయక్ పేరు మా హాస్టల్ పిల్లల్లో ఎంతమందికి తెలుసని అడిగితే రెండు చేతులు కూడా లేవలేదు. ఆ తప్పు పిల్లలది కాదు, మాది.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. కాగితం మీద వెట్టి పోయింది.

చేసిన చేతికి పేరేది?

కూలి రావడం ఒక మెట్టు. చేసిన చేతికి పేరు రావడం ఇంకో మెట్టు. తునికాకు సంగతే చూద్దాం. యాభై ఆకుల కట్టకు ఇంత అని రేటు కట్టి చెప్పడం ఎవరి దయతోనూ రాలేదు. అడవి పల్లెలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ దసలి పట్టు చీర అంటే అందరికీ తెలుసు. అడవిలో మద్ది చెట్ల మీద పురుగులను పెంచుతూ, పిట్టలు, చీమలు తినకుండా పగలంతా కాపలా కాసేవాళ్ల గురించి ఆ చీర కట్టుకున్నవాళ్లకు తెలియదు. జనగామ పక్కన పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఊరి పేరు నిలిచింది, మంచిదే. వస్తువు కింద దాన్ని చెక్కిన మనిషి పేరు కూడా ఉండాలి కదా.

గురువు పొయ్యి దగ్గరా?

1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమెండార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగి అప్పటికి మూడేళ్లు. గోండు పిల్లవాడికి గోండీలోనే అక్షరం నేర్పాలి, అది నేర్పే పని గోండు యువకుడికే ఇవ్వాలి అన్నది అక్కడి ఆలోచన. టీచర్ ట్రైనింగ్ చదివిన మాకు ఆ ఊరి పేరు వింటేనే గౌరవం. చాలా ఏళ్ల తర్వాత ఏజెన్సీలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంటూ 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. గంగారం, కొత్తగూడ వంటి మండలాల్లో మన పిల్లలు బడిలో తమ భాష వచ్చిన టీచర్‌ను చూడటానికి అది ఒక దారి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఎందరికో గుస్సాడీ నేర్పిన ఆ పెద్దాయన బతుకుతెరువుకు ఆశ్రమ పాఠశాలలో వంట పని చేశారు. వంట పని చిన్నదని మేము అనం. మా హాస్టళ్లు నడిచేదే వంట అక్కల కష్టం మీద. అయితే బడికి ఆయన చేతి వంటతో పాటు ఆయన విద్య కూడా కావాల్సింది. ఆ విద్యకు మన పాఠశాలల్లో ఒక పోస్టు లేదు, ఒక పీరియడ్ లేదు. 2024 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశారు.

డోలి పాటకు లెక్క ఉండేది

కోయల్లో డోలి చెప్పేవాళ్లు లేకపోతే వంశం చరిత్రే లేదు. ఏ గట్టు, ఏ ఇంటిపేరు, ఏ వేల్పు అన్నది వారి నోట్లోనే ఉంది. వేల్పుల కొలుపుకు, జాతరకు, చావుకు డోలి మోగాల్సిందే. పడిగె మీది బొమ్మలు చూపిస్తూ సమ్మక్క సారలమ్మల కథ చెబితే ఇంటింటా ధాన్యం ఇచ్చేవారు. అది బిచ్చం కాదు, వారి హక్కు. ఇవ్వకపోతే ఇంటికే తక్కువ.

ఆ లెక్క ఇప్పుడు చెదిరిపోయింది. మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన పోయేనాటికి ఆ మాట పూర్తిగా నెరవేరలేదని పత్రికల్లో చదివి తలదించుకున్నాం. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ దక్కింది. ఆ ఏడాదే పద్మశ్రీలకు నెలకు 25 వేల పింఛను ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది. సంతోషమే. కానీ పద్మశ్రీ దాకా చేరేది నూటికో కోటికో ఒక్కరు. మిగిలినవాళ్ల సంగతేమిటి?

తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు నెలజీతం రావడం మన చరిత్రలో పెద్ద మలుపు. పాటగాడు కూడా ఉద్యోగే అని సర్కారు ఒప్పుకుంది. అయితే వారి ముఖ్యమైన పని పథకాల ప్రచారం. జీతం ఉన్నచోట సొంత పాటకు తీరిక తక్కువ, సొంత పాట ఉన్నచోట జీతం లేదు. ఈ రెండూ ఒకేచోట కుదిరే దారి మనం ఇంకా వెతకాల్సి ఉంది.

మేము మార్చుకున్నది

ఒకసారి మా కార్యక్రమానికి డోలి చెప్పే ఒక తాతను పిలిచాం. రెండు గంటలు కథ చెప్పారు. శాలువా కప్పాం, చప్పట్లు కొట్టాం. పోయేటప్పుడు ఆయన నవ్వుతూ అన్నారు: "బిడ్డా, ఇంట్ల ఇసొంటియి పద్నాలుగున్నయి. ఇది కప్పుకుంటే సలి పోతది గని బస్సోడు టికెట్ కొట్టడు." ఆ నవ్వుకు మాకు జవాబు దొరకలేదు. వెట్టి రోజుల్లో కొట్టి చేయించుకునేవారు. మేము దండం పెట్టి చేయించుకున్నాం. కూలి లేకపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

అప్పటి నుంచి మూడు పనులు చేస్తున్నాం. కళాకారుడిని పిలిచే ముందే ఎంతిస్తామో, రానూపోనూ ఖర్చు ఎవరిదో చెబుతున్నాం. బ్యానర్ మీద అతిథి పేరు ఉన్నంత సైజులో ఆయన పేరు, ఊరు రాయిస్తున్నాం. పిల్లలను ఎవరైనా స్వాగత నృత్యానికి అడిగితే ముందు పిల్లలనే అడుగుతున్నాం. ఇష్టం లేనివాళ్లు ఆడరు. బయటివాళ్లు పిలిస్తే కొంత సొమ్ము పిల్లల పుస్తకాల నిధికి అడుగుతున్నాం.

ఇదంతా సాఫీగా సాగడం లేదు. పూలబొకే బిల్లు ఏ పేచీ లేకుండా పాసవుతుంది. డోలి తాతకిచ్చిన రెండు వేలకు ఏ పద్దు కింద రాశారని ఒక ఆఫీసులో మూడుసార్లు వెనక్కి పంపారు. చివరికి తలా ఇంత వేసుకుని సర్దుకున్నాం. అందుకే మన సంఘానికి ఒక మనవి: కళాకారుల పారితోషికానికి హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఒక పద్దు పెట్టాలని అందరం కలిసి అడుగుదాం. ఈ సంచికలో వేసే ప్రతి ఫొటో కింద ఆ ఆడేవాళ్ల, ఆ కుట్టేవాళ్ల పేర్లు వేద్దాం.

ఇప్పుడు మా పిల్లలను ఎవరైనా ఆటకు పిలిస్తే వాళ్లే ముందుగా అడుగుతున్నారు: "ఎన్ని గంటలకు? ఎంతసేపు? నీడ ఉంటదా?" పిల్లలకు నోరు ఎక్కువైందని కొందరు పెద్దలు మాతో అన్నారు. ఎనభై ఏళ్ల కింద కడవెండిలో, ధర్మాపురంలో అడిగినవాళ్లను కూడా అదే మాట అని ఉంటారు. పిల్లలను మాత్రం మేము ఆపడం లేదు.