హెరాల్డ్ కారు, రెండు ఇంటిపేర్లు

పోయిన ఆదివారం మన సంఘంలో ఒక కుర్రవాడు అడిగాడు. "తాతయ్యా, క్రెటా, సెల్టోస్ లోపల ఒకటేనట కదా, మరి రెండు పేర్లెందుకు?" అప్పటికి నవ్వి ఊరుకున్నాం. జవాబు ఇప్పుడు రాస్తున్నాం.

మైలాపూరులో మా తరానికి ఇది కొత్త కాదు. మా చిన్నప్పుడు మాడ వీధుల్లో కనిపించిన స్టాండర్డ్ హెరాల్డ్ అలాంటి బండే. తాంబరం దాటాక వచ్చే వండలూరులో తయారయ్యేది. ఇంగ్లండులో 1959లో వచ్చినప్పుడు దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. అక్కడి స్టాండర్డ్ కంపెనీ ట్రయంఫ్‌ను కొని, రెండు పేర్లనూ వాడుకుంది. అక్కడివాళ్లకు ట్రయంఫ్ అంటే మోజు. మన వండలూరు ఫ్యాక్టరీకి ఉన్న పేరు స్టాండర్డ్. అందుకే 1961లో అదే బండి ఇక్కడ స్టాండర్డ్ హెరాల్డ్ అయింది.

రైల్వేలో పనిచేసినవాళ్లం, మాకిది వింతగా తోచదు. పొద్దున ఒక పేరుతో వచ్చిన రేకు, బోర్డు మారిస్తే సాయంత్రం ఇంకో పేరుతో బయలుదేరుతుంది.

అసలు సంగతి తర్వాత జరిగింది. 1963లో ఇంగ్లండులో కార్ల మీద స్టాండర్డ్ పేరే తీసేశారు. పుట్టింట్లో పోయిన పేరు మద్రాసులో ఇంకో పాతికేళ్లు బతికింది. ఊరికే బతకలేదు. అక్కడి హెరాల్డ్‌కు రెండే తలుపులు. ఇక్కడ ఇంటిల్లిపాదీ ఎక్కాలి కదా, వండలూరువాళ్లు తర్వాత నాలుగు తలుపులు పెట్టారు. అరువు తెచ్చుకున్న బండిని మన బండి చేసుకున్నారు.

1985లో అదే కంపెనీ స్టాండర్డ్ 2000 తెచ్చింది. పైన ఇంగ్లండు రోవర్ ఒళ్లు, లోపల పాత వాన్‌గార్డ్ కాలపు ఇంజను. ధర చూస్తే ఎక్కువ. 1988కల్లా ఆగిపోయింది.

ఒరగడంలోనూ ఇదే పాఠం. రెనో, నిస్సాన్ కలిసి కట్టిన ఫ్యాక్టరీ అది. 2010లో నిస్సాన్ మైక్రా వచ్చింది. 2012లో ముందు భాగం కాస్త మార్చి, బ్యాడ్జీ మార్చి రెనో పల్స్ అన్నారు. జనం కనిపెట్టేశారు. పల్స్ నిలవలేదు.

ఇక కుర్రవాడి ప్రశ్న. కియా 1998లో హ్యుందాయ్ చేతికి వచ్చింది. శ్రీపెరుంబుదూరులో క్రెటా, మన పెనుకొండ దగ్గర 2019 నుంచి సెల్టోస్. కింది చట్రం, ఇంజన్లు పంచుకున్నారు. కానీ పై రూపం, లోపలి అమరిక దేనికది వేరు. అందుకే రెండూ అమ్ముడుపోతున్నాయి.

మనమూ అంతే. ఈ తమిళ నేల నీళ్లు తాగాం, తమిళ బళ్లోనే చదివాం. చట్రం అందరిదీ ఒకటే, అందులో చిన్నతనం ఏమీ లేదు. మా తెలుగు వంటింట్లో అమ్మ దగ్గర వచ్చింది, అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. రేపు మన మనవల దగ్గర ఇంటిపేరొక్కటే తెలుగుగా మిగిలి, నోట మాట లేకపోతే అది ఉత్త బ్యాడ్జీయే.

ఆదివారం తెలుగు తరగతికి ఈ నెల వచ్చింది నలుగురు పిల్లలే. దయచేసి మీ పిల్లల్ని పంపండి. మేము అక్కడే ఉంటాం.