కోసి అతికిన దౌడు

ప్లాస్టిక్ సైనికుల పెట్టె తెరిచినప్పుడు కాల్బలం బొమ్మలన్నీ ఒకే తీరుగా ఉన్నా కంటికి పెద్దగా ఇబ్బంది అనిపించదు. కవాతులో మనుషులు ఒకేలా అడుగు వేయాల్సిందే కదా. ఆశ్వికదళం సంగతి అలా కాదు. డజను గుర్రాలు ఒకే కాలు ఎత్తి, ఒకే పక్కకు మెడ తిప్పి, ఒకే మేర తోక లేపి పరిగెడుతుంటే అచ్చు కనబడుతుంది తప్ప దాడి కనబడదు. గుర్రపు బొమ్మను కోసి, వంచి, అతికి కొత్త భంగిమలోకి తెచ్చే పని ఆ అసంతృప్తిలోంచి పుట్టింది. మోడలర్లు కన్వర్షన్ అనే ఈ పని చరిత్రను జిగుర్లు, పుట్టీల వరుసగా చెప్పుకోవచ్చు. నాకు మాత్రం అది మనిషి గుర్రాన్ని సరిగ్గా చూడడం నేర్చుకున్న కథగా కనిపిస్తుంది.

ఆ చూపు ప్లాస్టిక్‌కంటే పాతది. 1821 నాటి ఎప్సమ్ డెర్బీ పందేన్ని గీసిన చిత్రకారుడు జెరికో, గుర్రాల ముందు కాళ్లను ముందుకీ వెనక కాళ్లను వెనక్కీ బారచాపి గాలిలో తేలించాడు. అప్పటి చిత్రకారులకు దౌడు అంటే అదే. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు నిలిపి, లీలండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రం పరుగును క్షణం క్షణంగా పట్టుకున్నాక సంగతి తేలింది. నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణం ఉన్నమాట నిజమే. కానీ అప్పుడు కాళ్లు బారచాపి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. ఫ్రెంచి చిత్రకారుడు మైసోనియే గుర్రం పక్కనే పట్టాల మీద బండిలో సాగుతూ దాని పరుగును గమనించినవాడు. 1875లో ముగించిన ‘1807, ఫ్రీడ్‌లాండ్’ చిత్రంలో ఆశ్వికదళాన్ని దౌడు తీయించింది ఆయనే. అంతటివాడు 1881లో మైబ్రిడ్జ్‌ను పారిస్‌లోని తన ఇంటికి పిలిపించి ఆ ఫొటోలను తోటి కళాకారులకు చూపించాడు. ఈనాటికీ గుర్రం కాలు కోసే ముందు మోడలర్ తిరగేసేది మైబ్రిడ్జ్ ఫొటోలనే.

బొమ్మల లోకం మాత్రం నెమ్మదిగా కదిలింది. లండన్‌లో విలియం బ్రిటన్ కుటుంబం 1893లో లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోత పోయడం మొదలుపెట్టింది. పెళుసు లోహం కావడంతో కాళ్లు విరిగేవి, తలలు ఊడేవి. ఊడిన తలను అగ్గిపుల్ల ముక్కతో మళ్లీ నిలబెట్టడం పిల్లలకు తెలిసిన వైద్యం. ఒక బొమ్మ తలను ఇంకో బొమ్మ మీద పెట్టవచ్చన్న ఆలోచనకు బీజం బహుశా ఆ మరమ్మతులోనే ఉంది. 1950ల చివర రాయ్ సెల్విన్-స్మిత్ రూపొందించిన స్వాపెట్ బొమ్మలు ఆ ఆలోచననే సరుకుగా మార్చాయి. ప్లాస్టిక్ వీరుల తలలు, నడుములు తిరిగేవి, ఒకదాని భాగం మరొకదానికి సరిపోయేది. రౌతుకు అంత స్వేచ్ఛ దొరికినా కింది గుర్రం మాత్రం అచ్చులో పుట్టిన భంగిమలోనే ఉండిపోయింది.

అదే కాలంలో ఎయిర్‌ఫిక్స్ సంస్థ చిన్న బొమ్మలు వచ్చాయి. కొద్దిపాటి డబ్బుకు పెట్టెడు సైన్యం. కానీ పెట్టెల్లో దొరికే సైన్యాలు కొన్నే, యుద్ధక్రీడలు ఆడేవారికి కావలసినవి ఎన్నో. డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో ‘వార్ గేమ్స్’ పుస్తకం రాసిన తరానికి కన్వర్షన్ కళ కంటే ముందు అవసరం. అమెరికా ఆశ్వికుడి టోపీ చెక్కి మరో దేశపు రౌతును చేశారు, కౌబాయ్ గుర్రాన్ని తెచ్చి ఫిరంగిబండికి కట్టారు. ఆ బొమ్మలు మెత్తటి పాలిథీన్‌వి. దానికి జిగురు అంటదు, రంగు పెచ్చులూడుతుంది. అందుకే సూదిముక్క గుచ్చి కలపడం, వేడి బ్లేడుతో కరిగించి అతకడం వాడుకలోకి వచ్చాయి. ఆ మెత్తదనమే ఇంకో దారి కూడా చూపింది. వేడినీళ్లలో ముంచి కాలిని వంచి, వెంటనే చన్నీళ్లలో పెడితే వంపు నిలిచేది. అయితే అలా వంచిన కాలు రబ్బరు గొట్టంలా గుండ్రంగా వంగుతుంది. ఎముక ఉన్న కాలు కీలు దగ్గరే వంగుతుంది. ఆ తేడా కంటికి ఆనినవాళ్లు రంపం చేతపట్టారు.

అసలు మలుపు 1960ల నడుమ ఫ్రాన్స్‌లో వచ్చింది. హిస్టోరెక్స్ సంస్థ నెపోలియన్ సైన్యాన్ని 54 మిల్లీమీటర్ల కొలతలో, గట్టి పాలిస్టైరిన్‌తో, విడిభాగాలుగా తెచ్చింది. సైనిక దుస్తుల చిత్రకారుడు యూజీన్ లెలియెప్వ్ర్ దాని వెనక ఉన్నాడు. గుర్రం శరీరం కుడి ఎడమ సగాలుగా వచ్చేది. తల, తోక వేరు. జీను, కళ్లెం, రికాబులు, తుపాకి తొడుగు అన్నీ వేర్వేరు ముక్కలు. ఒక గుర్రం ఎడమ సగాన్ని ఇంకో గుర్రం కుడి సగంతో కలిపి చూడవచ్చు, కావలసిన భాగాన్ని విడిగా కొనుక్కోవచ్చు. పెట్టె మీది బొమ్మ ఒక సూచన మాత్రమే అయింది. తయారీదారుడు తన గుర్రాన్ని మీరు మార్చుకోండని చెప్పకనే చెప్పిన సందర్భం నాకు తెలిసినంతలో అంత స్పష్టంగా అంతకుముందు లేదు. ఎయిర్‌ఫిక్స్ 1970లలో తెచ్చిన 54 మిల్లీమీటర్ల కిట్లకూ, ఆ తర్వాత వచ్చిన మల్టీపోజ్ సైనికులకూ ఆ ఒరవడితో పోలిక ఉంది. ఇంగ్లండ్‌లో రే లాంబ్ హిస్టోరెక్స్ మార్పుచేతలతోనే పేరు తెచ్చుకుని, తర్వాత పోస్ట్ మిలిటేర్ పేరుతో సొంత బొమ్మలకు రూపమిచ్చాడు. కరెంటుతో వేడెక్కే సూదితో జూలు వెంట్రుకలూ ఉన్నిబొచ్చూ గీయడం, స్ప్రూను, అంటే కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాన్ని, వేడి చేసి తీగలా సాగదీసి సన్నని తాళ్లు చేయడం, సీసపు రేకుతో పగ్గాలు కత్తిరించడం హిస్టోరెక్స్ చుట్టూ పెరిగిన విద్యలే.

పాలిస్టైరిన్ మెత్తబడేది సుమారు 100 డిగ్రీల దగ్గర. వేడినీళ్ల ఉపాయం దాని మీద సరిగా పారదు, కోయాల్సిందే. కోయాలంటే ఎక్కడ కోయాలో తెలియాలి. గుర్రం ముందు కాలిలో మనం మోకాలు అనేది నిజానికి మన మణికట్టుకు సమానం. వెనక కాలిలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు మన మడమ. అసలు మోకాలు పొట్టకు ఆనుకుని పైన ఉంటుంది. గుర్రానికి జత్రుక (కాలర్‌బోన్) లేదు. భుజం పలక కండరాలతోనే పక్కటెముకలకు అంటిపెట్టుకుని జారుతూ ఉంటుంది. అందుకే ముందు కాలిని చాచాలంటే మోచేయి దగ్గర తిప్పితే సరిపోదు, జబ్బ మొత్తం కదలాలి, దాని మీది కండను మళ్లీ మలచాలి. చాలా మార్పుచేతలు ఇక్కడే తేలిపోతాయి. కాలు దౌడు తీస్తుంటుంది, జబ్బ నిలబడే ఉంటుంది. రంపం తినేసే మందమూ లెక్కలోకి రావాలి. మూడు చోట్ల కోసిన కాలు తన జోడు కాలికంటే పొట్టిదైపోతుంది. మెడ దించాలంటే పైభాగంలో గాటు తెరిచి సందు నింపాలి, కిందిభాగంలో చీలిక తీసేయాలి. తల పక్కకు తిప్పితే లోపలివైపు చర్మం మడతలు పడుతుంది, బయటివైపు కండ బిగుస్తుంది. ఇత్తడి తీగ గుచ్చి బిగించాక మిగతా పని పుట్టీది.

రెండు ముద్దలు కలిపితే కొన్ని గంటల్లో రాయిలా గట్టిపడే ఎపాక్సీ పుట్టీలు వచ్చాక ఈ పని రూపురేఖలే మారాయి. బ్రిటన్‌లో మిలిపుట్ ఆ పేరుతోనే స్థిరపడింది. మన హార్డ్‌వేర్ దుకాణంలో కుళాయి పైపుల కోసం అమ్మే ఎం-సీల్ కూడా ఆ జాతిదే, ఇక్కడి మోడలర్‌కు అది చాలు. అంతకుముందు కోసి అతికేవాడు ఇప్పుడు కొంతవరకు శిల్పి అయ్యాడు. అమెరికాలో షెపర్డ్ పెయిన్ 1980లో వచ్చిన ‘హౌ టు బిల్డ్ డయోరమాస్’ లాంటి పుస్తకాలతో, ఒక్కో భంగిమ వెనక ఒక కథ ఉండాలన్న పట్టుదలను ఒక తరానికి అంటించాడు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. బొమ్మల్లో దీనికి తిరగేసిన రుజువు దొరుకుతుంది. గుర్రాన్ని ఎంత చక్కగా మార్చినా, నడిచే గుర్రం కోసం చేసిన రౌతును దౌడు తీసే గుర్రం మీద కూర్చోబెడితే రెండూ అబద్ధమైపోతాయి. తొడలు విడివడే కోణం, మడమ దిగే తీరు, పగ్గం పట్టిన చెయ్యి అన్నీ కింది కదలికకు జవాబు చెప్పాలి. అది కాలాన్ని బట్టి కూడా మారుతుంది. నెపోలియన్ నాటి రౌతు పొడుగు రికాబుల్లో కాళ్లు చాచి నిటారుగా కూర్చునేవాడు, గుర్రం దూకినప్పుడు వెనక్కి వాలేవాడు. ముందుకు వంగి గుర్రం బరువుతో పాటు సాగే పద్ధతిని ఇటలీ ఆశ్విక అధికారి ఫెడెరికో కాప్రిల్లి రూపొందించాడు. 1868లో పుట్టి 1907లో పోయాడు. వాటర్లూ రౌతును పందెపు జాకీలా వంచితే వందేళ్ల తప్పు.

ఇప్పుడు 28 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ ఆశ్వికదళాలు విరివిగా దొరుకుతున్నాయి. ఇంకోవైపు కంప్యూటర్‌లో గుర్రానికి ఎముకల గూడు అమర్చి, కీళ్లు తిప్పి, త్రీడీ ప్రింటర్‌లో తీసేవారు పెరిగారు. రంపం మందం బాధ లేదు, పుట్టీ ఎండే గంటలు లేవు. కానీ తెరమీద తిప్పిన కాలికీ జబ్బ కదలకపోతే పాత తప్పే మళ్లీ అచ్చవుతుంది. పెయిన్ తరం చేత్తో నేర్చుకున్న శరీరజ్ఞానానికి సాఫ్ట్‌వేర్ ప్రత్యామ్నాయం అని నేను ఒప్పుకోలేను.

మన దగ్గర ఈ పనికి ఎదురుచూస్తున్న విషయాలున్నాయి. హైదరాబాద్ కంటింజెంట్ ఆశ్వికదళాల వారసత్వం గల 20వ డెక్కన్ హార్స్, 1916 జూలై 14 సాయంత్రం సోమ్ యుద్ధంలో ఏడవ డ్రాగూన్ గార్డ్స్‌తో కలిసి హై వుడ్ వైపు బల్లేలతో దాడి చేసింది. ఏ ప్లాస్టిక్ పెట్టె తెరిచినా ఆ సవారు సిద్ధంగా దొరుకుతాడని ఆశించలేం. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ రౌతు కిట్‌తో మొదలుపెట్టవచ్చు. టోపీ తీసి తలపాగాను సన్నటి పుట్టీ పట్టీలుగా చుట్టాలి, తుపాకి తొడుగు జీనుకే ఉంచాలి, బల్లేన్ని ఉక్కు తీగతో చేయాలి. వాళ్లు ఎక్కింది నిలిచిన పంటచేను మీదుగా వాలు పైకి. కాబట్టి గుర్రం వెనక కాళ్లు శరీరం కిందికి లోతుగా చొచ్చుకురావాలి, మెడ ముందుకు సాగాలి, సవారు మొండెం దానితో పాటు కాస్త ముందుకు ఒరగాలి. మొదటి గాటు వెనక కాలి పైభాగంలో, అసలు మోకాలి దగ్గర పెట్టాలి.