చీకటికి పేరైన జాతి



ఆంగ్లభాషలో "సిమ్మేరియన్" అను విశేషణ మొకటి కలదు. మనము కాటుకచీకటి యనియు, కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటి యనియు దేనిని చెప్పుదుమో, దానిని ఆంగ్లకవులు సిమ్మేరియ తమస్సని వర్ణింతురు. మిల్టను మహాకవి 1645లో ప్రకటించిన "లాలెగ్రో" యను ఖండకావ్యమున విచారమును గద్దించి వెళ్ళగొట్టినది ఈ సిమ్మేరియ చీకటిలోనికే. అయితే సిమ్మేరియులనగా చీకటి కాదు. వారు ఆలుబిడ్డలతో, గుఱ్ఱములతో ఈ భూమిమీద తిరిగిన ఒక జనము. వారి పేరు చీకటికెట్లు తగులుకొన్నదో నేడు మనవి చేసెదను.

దీనికి మూలము గ్రీకుల ఆదికవి హోమరు. ఆయన రచించిన "ఒడిస్సీ" కావ్యమున, పదునొకండవ సర్గయందు, నాయకుడగు ఒడిస్సియసు ఇల్లు చేరుటకై దారి తెలిసికొనగోరి, మృతుడైన ఒక దైవజ్ఞుని ప్రేతము నడుగుటకు లోకపు సరిహద్దునకు ఓడ నడుపును. అచట సిమ్మేరియుల పట్టణము కలదట. అది యెల్లప్పుడు మంచుచేతను మబ్బుచేతను కప్పబడి యుండునట. సూర్యుడు మింటికెక్కునపుడు గాని, క్రుంకునపుడు గాని వారిని చూడడట. కవి చెప్పిన దింతే. వారు కావ్యమున ఒక్క మాటయైన పలుకరు, ఒక్క పనియైన చేయరు. కాని మహాకవి నోట వెలువడిన యా కొన్ని పాదములే వారి తలవ్రాత యైనవి. పిమ్మట రోమను కవి ఓవిడు నిద్రాదేవుని గుహను సిమ్మేరియుల దేశము చెంతనే కల్పించెను. లాటిను కావ్యములు చదివిన ఆంగ్లకవులు ఆ మాటను తమ భాషలోనికి దింపుకొనిరి.

ఇక చరిత్ర యేమి చెప్పుచున్నదో వినుడు.

క్రీ. పూ. 5వ శతాబ్దమువాడగు హెరొడోటసు అను గ్రీకు చరిత్రకారుడు, నల్లసముద్రమునకు ఉత్తరమునగల మైదానములు తొల్లి సిమ్మేరియులవని వ్రాసినాడు. తూర్పునుండి సిథియులు దండెత్తి వచ్చుచుండగా సిమ్మేరియులు సభ కూడిరట. ఇంత సేనతో పోరుట వ్యర్థము, లేచిపోవుదమని జనులనిరి. పుట్టిన నేలను విడువము, ఇచ్చటనే చత్తుమని రాజవంశజులనిరి. పొత్తు కుదరలేదు. అంతట రాజవంశజులు రెండు సమభాగములై తమలో తామే పోరి యొకడు మిగులక చచ్చిరట. జనులు వారిని నేడు నీస్టరు అని పిలువబడు నది యొడ్డున పూడ్చిపెట్టి, కంట తడితో గాబోలు, దేశము విడిచిరి. హెరొడోటసు ఆ సమాధిని గూర్చి చెప్పుచు, అది తన కాలమునకును కనబడుచుండెననినాడు. ఇది జనశ్రుతియే కావచ్చును. కాని యీ కథలోని సిమ్మేరియులు చీకటిలో మునిగినవారు కారు; నేలను ప్రేమించినవారు.

జనశ్రుతికంటె గట్టి సాక్ష్యము మఱియొకటి కలదు. టైగ్రిసు నది యొడ్డున, నేటి ఇరాకు దేశమున, అస్సీరియా చక్రవర్తుల రాజధాని నినివె యుండెను. 19వ శతాబ్దపు నడుమ ఆ దిబ్బలను త్రవ్వగా వేలకొలది మట్టిపలకలు బయల్పడినవి. పచ్చిమట్టిపై పుల్లతో మేకులవంటి గీతలు గీసి వ్రాసిన వ్రాత యది. ఆ వ్రాతను చదువ వచ్చునా యని సందేహము కలుగగా, 1857లో ఒకే శాసనమును నలుగురు పండితులకు వేఱువేఱుగా ఇచ్చిరి. నలువురి యనువాదములును ముఖ్యాంశములలో కలిసినవి. నాటితో సందేహము తీఱెను.

ఆ పలకలలో సిమ్మేరియులు "గిమిర్రాయ" యను పేరుతో నున్నారు. క్రీ. పూ. 714 ప్రాంతమున, వాను సరస్సు చుట్టునున్న ఉరార్టు రాజ్యపు సేన వారి చేతిలో నశించినదని యువరాజు తన తండ్రియగు సార్గాను చక్రవర్తికి వేగు తెలిపినాడు. క్రీ. పూ. 679లో ఎసర్‌హద్దోను చక్రవర్తి వారి నాయకుడగు తెఉష్పాను ఓడించెను. తరువాత లిడియా రాజగు గైజీసు వారి దాడులకు తాళలేక అస్సీరియాను శరణుజొచ్చి, చెఱబట్టిన ఇద్దఱు సిమ్మేరియ నాయకులను సంకెళ్ళతో నినివెకు పంపెను. పిమ్మట అతడు ఆ స్నేహమును తెంచుకొనగా, సిమ్మేరియులు మరల వచ్చి, క్రీ. పూ. 644 ప్రాంతమున అతనిని చంపిరి. అతని కుమారుని కాలమున సార్దిసు నగరమును, కోట తప్ప, పట్టుకొనిరి. కడకు లిడియా రాజగు అలియాటిసు వారిని తఱిమివేసెను. అటుపిమ్మట వారి పేరు చరిత్రనుండి మఱుగైనది. నల్లసముద్రమును అజోవు సముద్రముతో కలుపు జలసంధికి మాత్రము "సిమ్మేరియ బాస్పరసు" అను పాతపేరు నిలిచినది.

చూచితిరా! రాజులను గడగడలాడించిన వీరి రాకపోకలను అస్సీరియా లేఖకులు పట్టపగటి వెలుగులో ఏండ్లతో సహా వ్రాసియుంచిరి. వీరు పరులను దోచినమాట నిజమే. నే నది దాచను. కాని చీకటి వారిది కాదు. చీకటి, దూరపువారిని ఎఱుగక పాడిన కవిది. సిమ్మేరియులు తమ కథను తాము వ్రాసికొనలేదు. వ్రాత యెఱిగిన పొరుగువారు చెప్పినదే వారి చరిత్ర. అందులోను, సాక్ష్యము పలికిన పలకలు రెండువేల యేండ్లకు పైగా మట్టిలో నుండగా, కావ్యము మాత్రము నోటినుండి నోటికి ప్రాకెను.

ఇట్టి గతి మఱియొక జాతికిని పట్టినది. 455లో రోమును దోచిన వాండలుల పేరును, 1794లో గ్రెగ్వారు అను ఫ్రెంచి మతాధికారి, కళాఖండములను పాడుచేయుటకు వాడెను. దోచినది వాండలులే కారు. 410లో గోతులును రోమును దోచిరి. అయినను నింద యొక్కరికే అంటెను.

కాబట్టి పెద్దలారా, ఒక జనము పేరు సామెతగానో తిట్టుగానో మన చెవి సోకినపుడు, ఈ మాట మొదట అన్నవాడెవ్వడు, వాడు వారిని కన్నులార చూచెనా యని యొక్కమా రడుగుట న్యాయము. రచ్చబండపై తీర్పు చెప్పువారు ఉభయపక్షముల మాటయు వినకుండ తీర్పు చెప్పరు గదా. చచ్చిన జాతులకును ఆ న్యాయము చెల్లవలెను.