అటకెక్కిన డబ్బా

ఆమధ్య కళ్ళు చూపించుకుందామని మంగళగిరి ఎయిమ్స్‌కి వెళ్ళాను. నా వంతు వచ్చేసరికి ఎంత లేదన్నా గంట పట్టేట్టుంది. పక్కన కూర్చున్న పిల్లతో కబుర్లలో పడి, "ఒకప్పుడు ఇక్కడే టీబీ శానిటోరియం ఉండేది, తెలుసా?" అన్నాను.

"శానిటోరియం అంటే ఏంటి మామ్మగారూ?" అందా పిల్ల.

చెప్పొద్దూ, నాకు సంతోషమే వేసింది. మా చిన్నతనంలో ఆ మాట వినబడితే చాలు, ఆ ఇంటివాళ్ళని పేరంటానికి పిలవడం మానేసేవారు.

క్షయకు మందు లేని రోజుల్లో మంచిగాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇవే మందు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో వెలిసింది అందుకే. నెలల తరబడి అక్కడ పడుకోవడమే వైద్యం. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక రోగం తగ్గడం మొదలైంది. తగ్గిన మనిషి ఇంటికి రావడమూ మొదలైంది. చిక్కంతా అక్కడే!

మా పిన్ని సంగతే చూడండి. అలాంటి ఆస్పత్రిలోనే చాలా నెలలుండి, బుగ్గలు నిండి, దివిసీమలోని మా ఊరికి తిరిగొచ్చింది. దిష్టి తీసి లోపలికి తీసుకెళ్ళాం. మాత్రలు మాత్రం ఆపవద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పి పంపారు. "దగ్గు తగ్గింది, అన్నం సహిస్తోంది, ఇంకా ఆ వేడి మాత్రలెందుకే?" అంది మా నాయనమ్మ. పైగా ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలం ఇద్దరం ఉన్నాం. చూడవచ్చినవాళ్ళ కంట పడితే? డబ్బా అటకెక్కింది. ఎక్కించింది నేనే. కోతలనాటికి పిన్నికి దగ్గులో నెత్తురు పడింది. రెండోసారి ఆస్పత్రికి వెళ్ళిన మనిషి మరి రాలేదు. దాని రాత అనుకున్నాం అందరమూ.

రాత కాదని, చాలా ఏళ్ళ తర్వాత మద్రాసు కథ చదివాక తెలిసింది. 1956లో చేట్‌పట్‌లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. 193 మంది క్షయరోగులను చీట్లు వేసినట్టుగా రెండు వాటాలు చేసి, ఒక వాటాను శానిటోరియంలో ఉంచారు, రెండో వాటాకు ఇళ్ళ దగ్గరే మందులిచ్చారు. మందులు ఇద్దరికీ ఒకటే. ఇళ్ళంటే మేడలనుకునేరు! ఇరుకు గదులు, అరకొర తిండి. అయినా ఏడాది తిరిగేసరికి ఇళ్ళ దగ్గరివాళ్ళూ దాదాపు అంత బాగానూ కోలుకున్నారు. ఇంట్లోవాళ్ళకు అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గుతూ వచ్చింది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో సంగతి. మాత్రలు చేతికిచ్చి ఊరుకోలేదు వాళ్ళు. హెల్త్ విజిటర్లు ఇళ్ళకు వెళ్ళేవారు. చెప్పాపెట్టకుండా వెళ్ళి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, మూత్రం పరీక్షకు పట్టుకెళ్ళేవారు. అత్తగారి ఆరాలు నయం సుమండీ! కానీ మా వీధిలోకి అలాంటి మనిషి ఒక్కతె వచ్చి ఉంటే, డబ్బా అటక మీద ఉండేదా?

1997 నుంచి మనదేశంలో డాట్స్ పద్ధతి వచ్చింది. మాత్ర ఎదురుగా నిలబడి మింగించడమన్నమాట. 2018 నుంచి టీబీ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇవ్వసాగారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. ఆరోగ్యశ్రీలో ఆపరేషనైన వాళ్ళకు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమని రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రారంభించారు. లెక్క చిన్నదే కావచ్చు, ఆలోచన నాకు నచ్చింది. కూలికి వెళ్తేగాని పొయ్యి వెలగని ఇల్లాలిని, కుట్లు మానేదాకా పడుకోమంటే ఎలా పడుకుంటుంది?

ఇదంతా విని ఆ పిల్ల, "మా అత్తయ్యగారిని ఇవాళే ఇంటికి పంపిస్తున్నారండీ" అంది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"చూడలేదండీ."

ఇద్దరం కలిసి డిశ్చార్జి కాగితం ముందుకీ వెనక్కీ తిప్పాం. పదిహేనో రోజున తీసుకురమ్మని అడుగున రాసి ఉంది. ఆ పిల్ల సెల్‌ఫోనులో తేదీ ఎక్కిస్తూండగా లోపలినుంచి నా పేరు పిలిచారు.