బుల్లెట్టు, బోరు, వామి మీది సైలెన్సరు

మా నాయన ఏదైనా కావాలంటే సూటిగా అడగడు. 2013 వేసవిలో ఓరోజు ఫోన్ చేసి "పక్క చేన్లో బోరు వేయిస్తా ఉండారు, రిగ్గు ఊర్లోనే ఉంది" అన్నాడు. అంతే. రిగ్గు ఊళ్ళో ఉండగానే మనమూ ఒక పాయింటు వేయిద్దామా అని దానర్థం. అప్పటికి రెండు వారాల ముందే నేను బోనసు డబ్బు కట్టి, మిగతాది అప్పు తీసుకుని థండర్‌బర్డ్ 500 బుక్ చేసేశాను. ఆ సంగతి ఫోన్లో చెప్పలేదు. బోరు ఖర్చులో సగం పంపాను. మిగతా సగం ఆయన ఎక్కడో అప్పు తెచ్చాడు. ఆరువందల యాభై అడుగులు దించితే తెల్లదుమ్ము తప్ప చుక్క నీళ్ళు పడలేదు. ఆ మాట వినగానే నాకు బాధకన్నా ముందు కొంచెం ఊరట కలిగింది. మొత్తం పంపి ఉంటే మొత్తం పోయేది కదా అని. ఆ ఊరట గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది చిలమత్తూరు. అప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. హైదరాబాదు నుంచి బెంగుళూరుకు బస్సులో వెళ్ళిన ప్రతి సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ మా మండలాన్ని నిద్రలో దాటేసి ఉంటాడు. కొడికొండ చెక్‌పోస్టు అంటే మాదే. అక్కడ పడమటికి తిరిగితే మా ఊరు, తర్వాత లేపాక్షి, ఆ తర్వాత హిందూపురం. తిన్నగా పోతే బాగేపల్లి, అంటే కర్ణాటక. ఈ సరిహద్దు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా చిన్నప్పుడు మా వైపు బుల్లెట్టు శబ్దం వినిపిస్తే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి చూసేవాళ్ళు. వస్తే ఎస్సై అయినా రావాలి, లేదా ఓ పెద్ద రైతన్నా రావాలి. మిగతావాళ్ళకు సైకిలు, కాస్త ఉన్నవాళ్ళకు రాజ్‌దూతో, మైసూరులో తయారయ్యే యెజ్డీనో. కాబట్టి నేను కొన్నది బండి మాత్రమే అని ఎవరైనా అంటే నమ్మకండి.

అసలు ఈ బండి మనదెలా అయిందన్నది సరదా కథ. ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ. 1949 నాటి బుల్లెట్టు మోడలు, అంటే 346 సీసీ, ఒకే సిలిండరు, వెనకాల స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉన్నది, మన సైన్యానికి సరిహద్దుల్లో గస్తీకి నచ్చింది. ఎన్నాళ్ళని దిగుమతి చేసుకుంటామని 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట విడిభాగాలు తెచ్చి బిగించడం, తర్వాత అచ్చులూ పనిముట్లూ కూడా కొనేసి అన్నీ ఇక్కడే చేసుకోవడం. ఇంతలో అక్కడ అసలు కంపెనీకి రోజులు బాగాలేక 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ, 1970లో మిగిలిన కాస్త ఉత్పత్తీ మూతపడ్డాయి. 1977లో మద్రాసు నుంచి అదే బుల్లెట్టును ఇంగ్లండుకు ఎగుమతి చెయ్యడం మొదలుపెట్టారు. మనవాళ్ళు పాత వెర్షన్ను మెయింటెనెన్స్‌లో పెట్టి, అసలు రాసినవాడికే తిరిగి అమ్మారన్నమాట. సపోర్టు ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది.

మెయింటెనెన్స్ అన్నానని ఏమీ మార్చలేదనుకోకండి, కానీ దాదాపు ఏమీ మార్చలేదు. కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు, కిక్కు కొట్టేముందు యాంపియరు ముల్లు చూసి డీకంప్రెసర్ నొక్కడం, ఇవన్నీ దశాబ్దాలు నడిచాయి. 80ల నడుమ హీరో హోండా, యమహా ఆర్ఎక్స్ 100 లాంటి జపాను పొత్తు బళ్ళు వచ్చేసరికి బుల్లెట్టుకు కష్టకాలం మొదలైంది. 1994లో ఐషర్ గ్రూపు కంపెనీని పూర్తిగా తీసుకుంది. 2000 నాటికి నెలకు రెండువేల బళ్ళు అమ్మడం గగనమై, మూసేద్దామా అన్నంతదాకా వెళ్ళింది. ఇరవయ్యారేళ్ళ సిద్ధార్థ లాల్ నేను చూసుకుంటానని తీసుకోవడం, 2009లో క్లాసిక్ రావడం, 2013లో ఒరగడంలో కొత్త ఫ్యాక్టరీ, ఇవన్నీ ఇప్పుడు ఎంబీయే క్లాసుల్లో చెప్పుకునే కథలు కాబట్టి వదిలేస్తున్నా.

ఆ క్లాసుల్లో చెప్పని కథ ఒకటుంది. డీజిల్ బుల్లెట్టు. మాడిఫికేషన్ అంటే బెంగుళూరు కుర్రాళ్ళు కనిపెట్టిన విద్య అనుకుంటాం గానీ, దేశంలో బుల్లెట్టుకు జరిగిన అతిపెద్ద మాడిఫికేషన్ పొలం నుంచి వచ్చింది. లొంబార్డిని డిజైనుతో గ్రీవ్స్ వాళ్ళు చేసే చిన్న డీజిల్ ఇంజన్లు పంపుసెట్లలో వాడేవాళ్ళు. పెట్రోలు పోసి బుల్లెట్టును మేపలేక మెకానిక్కులు ఆ ఇంజన్ను బుల్లెట్టు ఛాసిస్‌లో కూర్చోబెట్టారు. 90ల్లో కంపెనీ కూడా అదే రకం 325 సీసీ ఇంజనుతో టారస్ అని అమ్మింది. ఆరున్నర హార్స్‌పవరు, దాదాపు రెండువందల కిలోల బరువు. లీటరుకు డెబ్బై పైనే వస్తుందని చెప్పుకునేవాళ్ళు. వణుకుడికి అద్దంలో ఏమీ కనిపించదు, అయినా వెనకాల రెండు మూటలేసుకుని సంతకు పోయి వచ్చేది. పొగ నిబంధనలు బిగిసేసరికి ఆగిపోయింది. నీళ్ళు తోడే ఇంజను మనిషిని మోసిందని నాకు ఇప్పటికీ ముచ్చటే. మా నాయనకు నచ్చిన ఏకైక బుల్లెట్టు అదే.

ఇక దూరప్రయాణాల పెద్ద బళ్ళ సంగతి. హార్లీ లాంటివి మనకు సినిమాల్లో తప్ప దొరికేవి కావు. 2007లో అమెరికాతో ఒక బేరం కుదిరింది, వాళ్ళు మన మామిడిపళ్ళు రానిస్తారు, మనం వాళ్ళ 800 సీసీ పైబడ్డ బళ్ళు రానిస్తాం. 2010లో మొదలైన తొలి షోరూముల్లో హైదరాబాదుదీ ఒకటి. పదేళ్ళు తిరిగేసరికి, 2020లో, హార్లీ సొంత దుకాణం కట్టేసి హీరోతో పొత్తుకు వెళ్ళిపోయింది. (మామిడిపళ్ళు మాత్రం ఇంకా వెళ్తున్నాయి.) నాలాంటి మధ్యతరగతివాడికి దూరప్రయాణం బండి అంటే 2012 అక్టోబరులో వచ్చిన థండర్‌బర్డ్ 500 అన్నమాట. 499 సీసీ, 27 హార్స్‌పవరు, ఇరవై లీటర్ల ట్యాంకు, వెనక్కి వాలే సీటు. పొద్దున్నే బెంగుళూరులో ట్యాంకు నింపితే హైదరాబాదు దాకా బంకు మొహం చూడక్కర్లేదు, నెమ్మదిగా పోతే.

నెమ్మదిగా పోతే కదా. కొన్న ఆర్నెల్లలోనే జేసీ రోడ్డు నాకు రెండో ఆఫీసైంది. మొదట విండ్‌షీల్డు, తర్వాత లెగ్‌గార్డు, రెండు వైపులా అల్యూమినియం పెట్టెలు, వాటికి స్టాండు, ఫాగ్ లైట్లు, సీటు మళ్ళీ కుట్టించడం, చివరికి ఫ్రీ ఫ్లో ఎయిర్ ఫిల్టరు, పొట్టి సైలెన్సరు. చివరి రెండూ తప్పు. ఇంజక్షన్ బండిలో ఎంత గాలికి ఎంత పెట్రోలు పోయాలో ఈసీయూలో ఒక పట్టిక రాసి ఉంటుంది. గాలి వచ్చేదారీ పోయేదారీ మార్చేసి పట్టిక మార్చకపోతే ఏమవుతుంది? మనం రోజూ చేసేదే, ఇంటర్‌ఫేస్ మార్చి కాలింగ్ కోడ్ అలాగే వదిలెయ్యడం. యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా సైలెన్సర్లోంచి టపాకాయలు. ఇంజను వేడెక్కి తొడలు కాలేవి. ఫాగ్ లైట్లకు రిలే లేకుండా వైరు లాగిన మెకానిక్కు పుణ్యాన ఓ రాత్రి చిక్కబళ్ళాపురం దగ్గర బండి మొత్తం చీకటైపోయింది. డిజైనర్లు ఊరికే పెట్టలేదు ఏదీ, అన్న జ్ఞానం నాకు ఆ రోడ్డు పక్కన కలిగింది.

పైగా ఇదంతా చట్టప్రకారం కూడా కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకూ కంపెనీ నిర్దేశించినదానికీ తేడా వచ్చే మార్పు చెయ్యకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు అని కూడా రాశారు. పెట్టెలకూ లైట్లకూ దీన్ని ఎంతవరకూ లాగవచ్చన్నది ఆ రోజు ఆపినవాళ్ళ మూడ్ మీద ఆధారపడేది. పొట్టి సైలెన్సరుకు మాత్రం శబ్ద కాలుష్యం కింద జరిమానా నేను రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ న్యాయమే.

న్యాయం కానిది ఇంకోటుంది. నా బండి ఏపీ 02. ఉద్యోగం బెంగుళూరులో. 2014లో కర్ణాటక చట్టం మార్చి, బయటి రాష్ట్రం బండి ముప్పై రోజులు మించి ఉంటే అక్కడి లైఫ్ టాక్స్ కట్టాలంది. ప్రతి శుక్రవారం రాత్రి సరిహద్దు దాటి ప్రతి సోమవారం పొద్దున తిరిగొచ్చే నాలాంటివాడి ముప్పై రోజులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయి? ట్యాంకు బ్యాగులో టోల్ రసీదులూ, మా ఊరి బంకు రసీదులూ దొంతరగా పెట్టుకుని తిరిగాను. 2016లో హైకోర్టు ఆ సవరణ కొట్టేసేదాకా ఇదే బతుకు. మా ఊరికీ నా ఆఫీసుకూ మధ్య వంద కిలోమీటర్ల పైచిలుకు. మాట్లాడేది అటూ ఇటూ తెలుగే, బాగేపల్లి వైపు మరీనూ. గీత మాత్రం ట్యాక్సు రసీదు మీద ఉంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి నేను, బండి ఇద్దరం ఊరు చేరాం. ఏడేళ్ళలో మొదటిసారి బండి మా నాయన కళ్ళముందు నెలల తరబడి నిలబడింది. ఆయనకు మోకాళ్ళ నొప్పి. మరుసటేడు టీకా వేయించడానికి హిందూపురం తీసుకెళ్దామని బండి బయటికి తీశాను. సీటు ఎత్తు, వెనక బ్యాక్‌రెస్టు, రెండు పక్కలా పెట్టెలు. కాలు ఎత్తి వేయబోయి పెట్టెకు తగిలి దించేశాడు. రెండోసారి అరుగు మీద నుంచి ప్రయత్నించాడు. "దీని మీదికి ఎక్కాలంటే నిచ్చెన కావాలప్పా" అని నవ్వి, పక్కింటి పిల్లోడి స్కూటర్ మీద వెళ్ళిపోయాడు. నేను వెనకాల ఖాళీ పెట్టెలతో లేపాక్షి బసవన్న పక్కనుంచి హిందూపురం దాకా పాతిక కిలోమీటర్లు ఆ స్కూటరును అనుసరించాను. ఎడారులూ కొండలూ దాటే బండి అని కొన్నది, డెబ్బయ్యేళ్ళ మనిషిని సూది మందుకు తీసుకెళ్ళలేకపోయింది.

ఆ వారమే అమ్మకానికి పెట్టాను. అప్పటికి థండర్‌బర్డ్ 500 రావడం ఆగిపోయి ఏడాదైంది, పాతవాటికి గిరాకీ బాగుంది. వచ్చిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న, స్టాక్ సామాను ఉందా అని. మాడిఫికేషన్లకు నేను పెట్టింది ఎనభై వేల పైనే. వాటికి ఒక్కరూ రూపాయి ఇవ్వలేదు. పైగా అవన్నీ పీకితే పదివేలు ఎక్కువిస్తామన్నారు. అద్దాలు, హ్యాండిల్ బార్, ఎయిర్ ఫిల్టరు అటకమీద గోనెసంచిలో దొరికాయి. సైలెన్సరు దొరకలేదు. మూడురోజులు వెతికాక అమ్మ చెప్పింది. కొట్టం వెనక శెనక్కాయ కట్టె వామి మీద కప్పిన పట్ట గాలికి లేచిపోకుండా తాళ్ళకు బరువులు కడతారు కదా, ఒక తాడు కొసకు నా స్టాక్ సైలెన్సరు వేలాడుతోంది. ఏడేళ్ళుగా. మా వైపు వానల పుణ్యమా అని తుప్పు కూడా పెద్దగా పట్టలేదు.

అప్పు తీరిందని ఫారం 35, వేరే రాష్ట్రానికి ఎన్ఓసీ కోసం 28, అమ్మకానికి 29, 30. కొన్నతను బెంగుళూరే, మనలాంటి ఉద్యోగమే. లక్షా పద్దెనిమిది వేలకు బేరం తెగింది. పేరు మార్పించుకోవడానికి అతను ఐదు నెలలు తాత్సారం చేశాడు, ఆలోగా రెండు చలాన్లు నా పేరున వచ్చాయి. మీరు అమ్మితే బండి తాళం ఇచ్చే ముందే ఆ పని ఆన్‌లైన్లో మీరే మొదలుపెట్టండి.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకు జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, ఆ పైవాటికి సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 అయింది. రెడిచ్‌లో ఎవరో ఎప్పుడో గీసిన 346 సీసీ గీతకు నాలుగు సీసీలు కింద సరిగ్గా ఒదిగిపోవడం చూస్తే, మా నాయన వాళ్ళ తరం బండే తెలివైనదేమో అనిపిస్తుంది. నా 499 లాంటిది ఇప్పుడెవరైనా కొత్తగా చేస్తే నలభై శాతం కట్టాలి.

బండి డబ్బుతో ఓ స్కూటరు కొన్నాను, కాళ్ళు పెట్టుకునే చోటు చదునుగా ఉండేది. మిగిలింది నాయన చేతిలో పెట్టి, 2013 ఫోన్ సంగతి, అప్పటికే బండి బుక్ చేసిన సంగతి చెప్పాను. బోరు సంగతి తీసుకొస్తాడనుకున్నా. "అప్పుడే తెలుసు లేప్పా, షోరూమోళ్ళు చిరునామా కోసం ఇంటికే ఫోన్ చేసినారు" అన్నాడు. డబ్బు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్ళి, కాసేపటికి పొట్టి సైలెన్సరు పట్టుకుని కొట్టం వైపు నడిచాడు. వామి మీద ఒక తాడు ఖాళీగా ఉంది కదా.